పోటు మీద బోషమ్‌కి

ఇంగ్లండు దక్షిణ తీరాన, పోర్ట్స్‌మత్‌కి తూర్పుగా, చిచెస్టర్ హార్బర్ అని పాయలు పాయలుగా చీలిన ఒక ఉప్పునీటి కయ్య ఉంది. అందులో ఒక పాయ చివర బోషమ్ అనే ఊరు. ఊరివాళ్ళు బాజమ్ అంటారు. ఆ ఊళ్ళో నీటి అంచునే పోయే ఒక రోడ్డు పోటు వచ్చినప్పుడు మునిగిపోతుంది. ఆ సంగతి చెప్పే బోర్డు కూడా ఉంటుంది. అయినా ఎండ కాసిన ఆదివారం బయటినుంచి వచ్చినవాళ్ళు అక్కడ కారు ఆపుకుని, చర్చి చూసి, టీ తాగి, నాలుగు ఫొటోలు తీసుకుని తిరిగొచ్చేసరికి చక్రాలు నీళ్ళలో నానుతుంటాయి. పబ్బు కిటికీల దగ్గర కూర్చున్నవాళ్ళకు అదొక కాలక్షేపం.

కారు ఆపిన మనిషిని తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. అతను చూసినప్పుడు రోడ్డు పొడిగానే ఉంది. పడవల వాళ్ళకు ఇదే ఇబ్బంది తిరగబడి ఎదురవుతుంది. వాళ్ళు వచ్చినప్పుడు రేవు నిండుగా, అద్దంలా, ఎంత పెద్ద పడవనైనా మోసేలా కనిపిస్తుంది. మరో ఐదు గంటలకు అక్కడే బురద, నాచు, పల్లంలో సన్నగా పారే ఒక కాలవ మిగులుతాయి. బురదలో కూర్చున్న పడవలు ఒక్కోటి ఒక్కో వైపుకి వాలి ఉంటాయి.

అన్నీ వాలవు. ఈ తీరంలో కొన్ని పడవలకు అడుగున నీళ్ళలోకి దిగే బరువైన రెక్కలు, ఇంగ్లీషు కీల్‌ని మేము కీలు అంటాం, రెండుంటాయి, పక్కపక్కన, రెండు కాళ్ళలాగా. నీళ్ళు పోయాక అవి బుద్ధిగా నిటారుగా నిలబడతాయి. ఇక్కడికి దగ్గర్లోనే, వాటర్‌లూవిల్‌లో, వెస్టర్లీ అనే కంపెనీ 1969 నుంచి 1980 దాకా సెంటార్ అనే 26 అడుగుల పడవను రెండు వేలకు పైగా కట్టి అమ్మింది. దాని కీళ్ళు నీళ్ళలోకి మీటరు లోపే దిగుతాయి. ఇంటిల్లిపాదీ శనివారం ఎక్కి, ఏదో ఒక బురదరేవులో కూర్చుని, ఆదివారం సాయంత్రానికి ఇల్లు చేరడానికి అంతకంటే నమ్మకమైన పడవ లేదని దాని సొంతదారులు ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతారు.

నేను ఎక్కేది అలాంటిది కాదు. ఆ పడవ ఒక రిటైర్డ్ జాగ్రఫీ మాస్టారిది. నేను పోర్ట్స్‌మత్‌లో డాక్టరుగా పనిచేస్తున్న రోజుల్లో వారాంతాల్లో తాళ్ళు లాగే మనిషి కావాలని ఆయన వెతుక్కుంటుంటే దొరికాను. ఆయన పడవకు ఒకే కీలు, 1.8 మీటర్ల లోతు. పడవ మొత్తం బరువులో మూడోవంతుకు పైగా ఆ కీలులోని ఇనుమే. గాలి తెరచాపను ఒక పక్కకు తొయ్యబోతే కింద వేలాడే ఆ బరువు పడవను తిరిగి నిలబెడుతుంది. పక్కకు జారిపోకుండా నీళ్ళను కోసుకుంటూ ముందుకు నడిపిస్తుంది. కీలు ఎంత లోతుగా దిగితే పడవ గాలికి అంత దగ్గరగా ఎదురెక్కగలదు. సముద్రం మీద అది వరం. బోషమ్ లాంటి చోట అదే కాలు పదేపదే నేలకు తగులుతుంది.

తెలివైన పని ఏమిటంటే, ఇలాంటి పడవను లోతు ఉన్నచోటే ఆపేసి చిన్న పడవలో ఊళ్ళోకి వెళ్ళడం. హార్బర్ మధ్యలో ఇచెనార్ దగ్గర ఎప్పుడూ నీళ్ళుంటాయి, లంగరుబోయాలుంటాయి, బోషమ్ వైపు దాటించే చిన్న ఫెర్రీ కూడా ఉంది. చాలామంది అదే చేస్తారు. మాస్టారు కూడా ఎక్కువసార్లు అదే చేసేవారు. కానీ ఏడాదికోసారి, లెక్క కుదిరిన రోజున, గట్టుదాకా వెళ్ళి కట్టాలని ఆయనకు ఒక ముచ్చట.

ఆ లెక్క నన్ను ఆకర్షించింది. చార్టులో బోషమ్ పాయ పై భాగమంతా ఆకుపచ్చగా ఉంటుంది. ఆకుపచ్చ అంటే నీళ్ళు తీసినప్పుడు బయటపడే నేల. దాని మీద అంకెలుంటాయి, కింద గీత కొట్టి. ఆ అంకె లోతు కాదు, ఎత్తు. చార్టులో సున్నా అంటే సూర్యచంద్రుల లెక్క ప్రకారం సముద్రం దిగగలిగినంత కింది మట్టం. దానికి పైన నేల ఎంత లేచి ఉందో గీత కొట్టిన అంకె చెబుతుంది. పోటు పట్టికలో ఉండే అంకె కూడా అదే సున్నా నుంచే. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే నీళ్ళెన్నో తెలుస్తుంది. ఇక్కడ పెద్ద పోటు రోజుల్లో నీళ్ళు 4.9 మీటర్ల దాకా లేస్తాయి, చిన్న పోటు రోజుల్లో 4 దగ్గర ఆగిపోతాయి. మాస్టారు లెక్క కోసం గట్టు కింద నేలను 2 మీటర్లు వేసుకునేవారు. పెద్ద పోటుకి 2.9 మీటర్ల నీళ్ళు, మా కీలుకి చాలినన్ని. చిన్న పోటుకి 2 మీటర్లు, అంటే కీలు కింద జానెడు. అలాంటి రోజున ఆయన చార్టు కూడా విప్పరు.

ఆ వేసవిలో మా బావగారు వచ్చారు. రెడింగ్‌లో ఉన్న కూతురి దగ్గర రెండు నెలలు ఉందామని వచ్చి, వారానికే విసుగు పుట్టి, మా ఇంటికి ప్రయాణమై వచ్చేశారు. ఆయనది కాకినాడ జగన్నాథపురం. చిన్నప్పటినుంచీ వంతెన మీదనుంచి కాలవలో బార్జీలు చూస్తూ పెరిగిన మనిషి. కాకినాడలో ఒకప్పుడు పెద్ద ఓడలు ఒడ్డుకి వచ్చేవి కావు, లంగరు రేవుకి వచ్చేవి ఇప్పటికీ దూరంగానే నిలబడతాయి. బియ్యం బస్తాలు బార్జీల మీద వాటి దగ్గరికి వెళతాయి. మన తీరం మెరక. ఒకప్పుడు కోరంగి రేవు ఒండ్రుతో పూడిపోవడం చూసిన తీరం అది. పోటు పాటు తేడా కూడా మనకు పెద్ద రోజున మీటరున్నర ప్రాంతమే. నాలుగు మీటర్ల తేడా అని నేను చెబితే బావగారు నమ్మలేదు.

“ఏవోయ్, అంత నీళ్ళు రోజుకి రెండుసార్లు ఎక్కడికి పోతాయి?” అన్నారు.

శనివారం బోషమ్‌కి వెళుతున్నాం, వస్తారా అని అడిగాను. ఆయన ఫోను తీసి పంచాంగం చూశారు. “చతుర్దశి. బానే ఉంది. పోటు ఎన్నింటికి?”

నేను పట్టిక తీసి చూస్తే పగలు పన్నెండు ప్రాంతం. ఆ మధ్యాహ్నం ఇద్దరం మాస్టారి దగ్గరికి వెళ్ళినప్పుడు పంచాంగం సంగతి చెప్పాను. చంద్రుణ్ణి బట్టి తేదీ చెప్పే పుస్తకం మీ ఇళ్ళలో ఉంటుందా అని ఆయన ఆశ్చర్యపోయారు. బోషమ్‌లో అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎప్పుడూ మధ్యాహ్నం, అర్ధరాత్రి వేళల్లోనే నిండుతుంది. అష్టమికి వచ్చేసరికి పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఒకసారి. కాకినాడలో గంటలు వేరే. ఊరు మారితే గంట మారుతుంది, తిథితో దాని ముడి మారదు. కాబట్టి తిథి తెలిసినవాడికి ఇక్కడి పట్టిక సగం నోటికొచ్చినట్టే. బావగారు ఆ మధ్యాహ్నమంతా మాస్టారితో సమానంగా మాట్లాడింది ఆ బలంతోనే.

అయితే పౌర్ణమి ఆదివారం. పెద్ద పోటు పౌర్ణమి నాడు కూడా పూర్తి కాదు, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా, పాడ్యమి విదియల మీద వస్తుంది. అలాంటప్పుడు నీళ్ళు ఇంకా ఎక్కువుండే సోమవారమో మంగళవారమో వెళ్ళకుండా చతుర్దశి నాడెందుకు? నాకు సెలవు కూడా ఉంది. అడిగాను. మాస్టారు కాగితం మీద ఒక కొండలాంటి గీత గీశారు. దాని శిఖరానికి ఇవతలి వైపు చుక్క పెట్టి, శనివారం ఇక్కడ ఇరుక్కుంటే అర్ధరాత్రి కాకపోతే రేపటి పోటు ఇంతకంటే ఎక్కువ, మనల్ని లేపుతుంది అన్నారు. తరవాత అవతలి వైపు చుక్క పెట్టారు. ఇక్కడ ఇరుక్కుంటే రేపటి పోటు తక్కువ, ఎల్లుండిది ఇంకా తక్కువ. మళ్ళీ ఇంత నీళ్ళు రావాలంటే అమావాస్య దాటాలి. రెండు వారాలు. మార్చి, సెప్టెంబరు నెలల్లో వచ్చే ఏడాదిలోకెల్లా పెద్ద పోట్ల శిఖరం మీద ఇరుక్కున్న పడవకైతే నెలలే.

బావగారికి నేను తెలుగులో చెప్పేలోపే అర్థమైంది. “ఎక్కే పక్షంలో వెళ్ళాలంటున్నాడు,” అన్నారు.

పొద్దున్న ఏడున్నరకి పోర్ట్స్‌మత్ వదిలాం. పడమటి గాలి, వెనకనుంచి. సౌత్‌సీ తీరం నుంచి సముద్రంలోని పాత కోటదాకా నీటి కింద ఒక అడ్డుకట్ట ఉంది, శత్రువుల పడవలు రాకుండా ఎప్పుడో కట్టింది. దాంట్లో చిన్న పడవలకు వదిలిన సందులోంచి దాటాం. తొమ్మిదిన్నరకి చిచెస్టర్ మొగ. హేలింగ్ దీవికీ ఈస్ట్ హెడ్ ఇసుకతిన్నెలకీ మధ్య సన్నటి దారి. దాని ముందు ఇసుకమేట. గాలి దక్షిణంనుంచి గట్టిగా కొట్టి, లోపలినుంచి నీళ్ళు బయటికి పారుతున్నప్పుడు అక్కడ కెరటాలు విరుచుకుపడతాయి. పెద్ద పోటు తరవాత పాటులో ఆ మొగ దగ్గర నీళ్ళు గంటకి ఆరు నాటికల్ మైళ్ళ పైన పారతాయి, మా ఇంజను వేగమూ దాదాపు అంతే. అందుకని పోటు నిండడానికి మూడు గంటల ముందునుంచి నిండిన గంటలోపు ఈ మేట దాటమని ఇక్కడివాళ్ళ నియమం.

లోపల అంతా వేరే లోకం. పచ్చటి ఒడ్డులు, నీళ్ళ మీదికి వాలిన ఓక్ చెట్లు, వరసగా కట్టిన పడవలు. కాబ్నార్ కొన దగ్గర ఎడమకి తిరిగితే బోషమ్ పాయ. అక్కడినుంచి మాస్టారు మాటలు తగ్గించారు. డెప్త్ సౌండర్ అంకెలు చదవడం బావగారి పని. ఆయన తెలుగులోనే చదివారు. మూడున్నర. మూడు. రెండు ఎనిమిది. పడవ అంచు మీద వంగి, నీళ్ళలోకి చూస్తూ, మా ఊళ్ళో అయితే గెడ వేసి చూస్తారు అని మధ్యలో ఒక మాట.

ఆ సౌండర్ గురించి ఒక ముక్క చెప్పాలి. దాని అంకె నీటి మట్టంనుంచి చెబుతోందా, కీలు అంచునుంచి చెబుతోందా అన్నది పడవ పడవకీ వేరు. కొత్త పడవ ఎక్కగానే అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. అదీగాక అది చెప్పేది పడవ కింద ఉన్న నేల సంగతి. ముందు పది అడుగుల దూరంలో ఏముందో దానికీ తెలీదు.

రెండు. ఒకటి తొమ్మిది. తరవాత పడవ ఆగింది. చప్పుడు లేదు, కుదుపు లేదు. ముద్దపప్పులో గరిటె దించినట్టు మెత్తగా దిగి నిలబడింది. ఇంజను తిరుగుతూనే ఉంది. ఒడ్డు మీది చెట్టు మాత్రం కదలడం మానేసింది. ప్రొపెల్లర్ తిప్పిన బురద వెనక గోధుమరంగు మేఘంలా పైకి లేచింది, కుళ్ళిన నాచు వాసనతో.

మాస్టారు ఇంజను గేరు తీసేసి, నీళ్ళు మరగబెట్టడానికి కిందికి వెళ్ళారు.

బావగారు నావైపు చూశారు. నేను గడియారం చూశాను. పదకొండు ఇంకా కాలేదు. పక్కనే పాతిన గుంజకి అంటిన నాచు మీద నీటి గీత కనిపిస్తోంది. దాన్నే చూస్తూ కూర్చున్నాం. ముందు ఒక గుల్ల మూత పెట్టుకుని ఉంది, నీటికి పైన. కాసేపటికి నీరు దాన్ని తాకింది. ఇంకాసేపటికి అది మునిగింది. టీ కప్పులు మా చేతుల్లోకి వచ్చేసరికి పడవ ముక్కు తనంతట తను గాలికి కొంచెం తిరిగింది. తేలాం. ఆ రేవులో మేము పడిన ప్రమాదం, అది ప్రమాదమే అయితే, ఒక కప్పు టీ తాగేంతసేపు.

అదే చోట, అదే నీళ్ళు, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి అయ్యుంటే? నేను అప్పుడే ఆలోచించడం మొదలుపెట్టాను, ఇప్పటికీ పూర్తిగా మానలేదు. లోతు 1.8 మీటర్లే. కీలు 1.8 మీటర్లే. గేరు తీసి కిందికి వెళ్ళి టీ పెట్టుకుని వస్తే పడవ అప్పటికే కొంచెం వాలి ఉండేది. ఈ సోలెంట్ జలసంధి ప్రాంతంలో ఇంకో విచిత్రం ఉంది. పోటు ఎక్కడానికి ఏడు గంటలు పడితే పాటు దిగడానికి ఐదే. వచ్చినంత తీరిగ్గా పోవు నీళ్ళు. పెద్ద పోటు రోజున మధ్య పాటులో గంటకి మీటరు పైనే దిగిపోతాయి, అంటే పావుగంటలో పాతిక సెంటీమీటర్లు. మొదటి రెండు మూడు నిమిషాల్లో వెనక్కి లాక్కోలేకపోతే మరి రాలేం. తరవాత పడవ పడుకుంటుంది. దాని కిందికి ఏ రాయో గుంజో వస్తే పొట్టకి తగులుతుంది. రాత్రి నీళ్ళు తిరిగొచ్చినప్పుడు లేవడానికి ముందే కాక్‌పిట్‌లోంచి లోపలికి నీళ్ళు ఎక్కే భయం ఉంది. ఇంజనుకి చల్లదనం ఇచ్చే నీళ్ళు అందవు, టాయిలెట్టు పనిచెయ్యదు, ఏటవాలు గోడ మీద కూర్చుని అర్ధరాత్రిదాకా కాపలా. అంకె మాత్రం రెండు వేళలకీ ఒకటే.

వార్డులో నేను జూనియర్లకి రోజూ చెప్పే మాట ఒకటుంది. పేషంటు బీపీ వంద అని చెప్పి ఊరుకోకండి, గంట కిందట ఎంత ఉందో చెప్పండి అని. ఎనభైనుంచి ఎక్కిన వంద వేరు, నూట నలభైనుంచి దిగిన వంద వేరు. రెండోది చూస్తే పరిగెత్తాలి. ఇరవై ఏళ్ళుగా నోటికొచ్చిన ఆ మాటకి నీళ్ళలో ఇంత కచ్చితమైన జోడీ ఉందని ఆ గుల్ల మునుగుతుంటే తెలిసింది. మాస్టారు దీన్ని ఎప్పుడూ సూత్రంగా చెప్పలేదు. ఆయన చేసే ప్రతి లెక్కలోనూ అది ఉంది. గంటల్లో ఎక్కే పోటు, పక్షంలో ఎక్కే పోటు, రెండూ కలిసిన రోజే ఆయన కదిలేవారు. నీళ్ళు ఎన్నున్నాయన్నది ఆ తరవాతి ప్రశ్న.

అందులో ఇంకో మడత కూడా ఉంది. ఆ రోజు ఎండ దివ్యంగా కాస్తోంది. గాలి పీడనం 1030 దాటింది. సగటు పీడనం 1013 మీద ఎక్కే ప్రతి మిల్లీబారుకీ సముద్రం ఒక సెంటీమీటరు అణుగుతుంది. అంటే పట్టికలో రాసినదానికన్నా ఆ రోజు దాదాపు జానెడు నీళ్ళు తక్కువ. జనం పడవలు తీసుకుని రేవులకి పరిగెత్తే మంచి ఎండ రోజులే నీళ్ళు తగ్గే రోజులన్నమాట. వాన ముసురు పట్టిన రోజున పుష్కలంగా ఉంటాయి, ఎవరూ రారు.

పదకొండుకి గట్టుకి కట్టాం. మాస్టారు పడవ దగ్గరే ఉండి తాళ్ళు చూసుకుంటానన్నారు. నేనూ బావగారూ ఊళ్ళోకి నడిచాం. హోలీ ట్రినిటీ చర్చి గట్టుకి దగ్గరే. బేయూ కుట్టుబట్ట మీద, దాదాపు డెబ్భై మీటర్ల ఆ కథలో, ఈ చర్చి బొమ్మ ఉంది. 1064 ప్రాంతంలో, ఇంగ్లండుకి కాబోయే రాజు హెరాల్డ్ ఇక్కడికి గుర్రం మీద వచ్చి, ప్రార్థన చేసి, విందు తిని, ఫ్రాన్సు వైపు పడవెక్కుతాడు. ఆ ఎక్కే బొమ్మంటే నాకు ఇష్టం. మనుషులు కాళ్ళ మీది బట్టలు పైకి ఎగ్గట్టి, వేటకుక్కల్ని చంకలో పెట్టుకుని, నీళ్ళలో నడుచుకుంటూ వెళ్ళి పడవెక్కుతారు. గట్టు లేదు, నిచ్చెన లేదు. వాళ్ళ పడవలు అంత తక్కువ నీళ్ళలో తేలేవి. వెయ్యేళ్ళ కిందటి బోషమ్‌కి తగిన పడవ అది. మేము 1.8 మీటర్ల ఇనుము తగిలించుకుని వచ్చాం.

కెరటాల్ని ఆగమన్న క్నూట్ రాజు కథ కూడా తమ ఊళ్ళోనే జరిగిందని బోషమ్‌వాళ్ళు అంటారు. ఇంకో రెండు మూడు ఊళ్ళు కూడా అంటాయి. పన్నెండో శతాబ్దంలో హెన్రీ ఆఫ్ హంటింగ్‌డన్ రాసిన ఆ కథలో రాజు తెలివితక్కువగా కెరటాల మీద అధికారం చలాయించడు. రాజుల అధికారం ఎంత కొంచెమో చూపించడానికే తడుస్తాడు. జనం మాత్రం పొగరుబోతు రాజు కథగానే చెప్పుకుంటారు. బావగారికి ఆ కథ నచ్చలేదు. “పాటు వేళ కుర్చీ వేయించుకుని ఉంటే మాట నెగ్గేది కదా,” అన్నారు. అదీ నిజమే.

పబ్బు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పన్నెండుకి పది నిమిషాలుంది. వంటగది పన్నెండుకి తెరుస్తారట. రేవు అప్పటికి నిండుకుండ అయింది. మునిగే రోడ్డు మీద నీళ్ళు మెల్లగా పాకుతున్నాయి, పిల్లలు చెప్పులు విప్పి అందులో తిరుగుతున్నారు. రోజు మొత్తంలో ఆ ఊరు అంత అందంగా ఉండేది ఆ అరగంటే. గట్టు మీద మాస్టారు అప్పటికే వెనక తాడు విప్పి చుట్టచుడుతున్నారు.

“ఇప్పుడే కదా నిండింది!” అన్నారు బావగారు, ఆకలి మీద.

నిండింది కాబట్టే. గట్టు దగ్గర గంట గంటన్నర ఉన్నా పడవ తేలుతూనే ఉండేది, ఆ లెక్క నాకూ తెలుసు. కానీ బోషమ్‌నుంచి మొగకి గంట ప్రయాణం. పోటు నిండిన గంటలోపు ఇసుకమేట దాటాలి. అంటే గట్టు దగ్గరి గడియారం వేరు, మొగ దగ్గరి గడియారం వేరు, రెండిట్లో ముందు మోగేది రెండోది. అదీగాక దారిలో మళ్ళీ ఎక్కడైనా కీలు తగిలితే అప్పుడు టీ పెట్టుకునే వీలుండదు. పడవ లోపలికి వెళ్ళే వేళ మన ఇష్టం అనుకుంటాం. నిజానికి మాస్టారు ముందు బయటికొచ్చే వేళ రాసి, దాని కిందనుంచి పైకి లెక్క కట్టుకుంటూ వచ్చి, చివరికి పోర్ట్స్‌మత్ వదిలే వేళ కనుక్కునేవారు. కాగితం మీద ఆ రోజు మొదటి అంకె బోషమ్ వదిలే పన్నెండు గంటలే.

మేము గట్టు వదిలి పాయలో సగం దూరం వచ్చేసరికి ఎదురుగా ఒక పడవ వస్తోంది. మా పడవ కంటే పెద్దది, కొత్తది. కీలు మాదాని కంటే లోతే అయ్యుండాలి. ముందు భాగంలో నలుగురు కూర్చుని నవ్వుకుంటున్నారు. చుక్కాని దగ్గరున్నాయన మమ్మల్ని చూసి చెయ్యి ఊపి, గట్టు దగ్గర నీళ్ళు బాగున్నాయా అని అరిచారు. బాగున్నాయి, ఇప్పుడు తగ్గడం మొదలవుతుంది అని మాస్టారు తిరిగి అరిచారు. ఆయన బొటనవేలు పైకెత్తి సాగిపోయారు. రెండో సగం విన్నారో లేదో తెలీదు. వాళ్ళు గట్టుకి ఆనించి, నీళ్ళు పోయినా పడవ లోపలి వైపుకే వాలేలా బరువులు మార్చి, తెరచాప తాడొకటి ఒడ్డుకి కట్టి, అర్ధరాత్రిదాకా హాయిగా ఉండే ఏర్పాట్లతోనే వచ్చి ఉండొచ్చు. అలా చేసేవాళ్ళూ ఉన్నారు. ముందే అనుకుని బురదలో కూర్చోవడం ఒక విద్య. అనుకోకుండా కూర్చోవడం వేరు.

మొగ దాటేసరికి ఒంటిగంట. పాటు అప్పుడే అందుకుంటోంది. బయట పడమటి గాలి ఇప్పుడు ఎదురుగాలి. ఇంటికి పోవాలంటే అడ్డంగా ఒకసారి అటు, ఒకసారి ఇటు కోసుకుంటూ ఎక్కాలి. మాతోపాటే ఇచెనార్‌నుంచి బయటికొచ్చిన రెండు కీళ్ళ పడవ ఒకటి మొదట్లో మా పక్కనే ఉంది. పావుగంటకి అది గాలివాటున పక్కకి జారుతూ వెనకబడింది. ఇంకో పావుగంటకి వాళ్ళు తెరచాప దించేసి ఇంజను వేసుకున్నారు. మా పడవ ఒక పక్కకి వొంగి, నీళ్ళని చీల్చుకుంటూ, పట్టాల మీద నడిచినట్టు పోతోంది. మాస్టారు చుక్కాని బావగారి చేతికిచ్చి, తను కింద కూర్చుని మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర డబ్బా మూత తీశారు.

బావగారు కాసేపు చుక్కాని రెండు చేతులతో పట్టుకున్నారు. తరవాత ఒక చేత్తో. నురగ మొహం మీద పడితే తుడుచుకోలేదు.

“ఏవోయ్, దీన్ని కాకినాడ తీసుకెళితే ఎక్కడ కట్టెయ్యాలి?”

“కట్టెయ్యలేమండీ. ఓడలతోపాటు బయటే లంగరు వెయ్యాలి.”

ఆయన తెరచాప వైపు చూస్తూ కొంచెంసేపు ఆలోచించారు. “అయితే ఒక బార్జీ కూడా కొనాలన్నమాట,” అన్నారు. మాస్టారుకి అనువాదం చేసి చెప్పాను. ఆయన పులిహోరలో పల్లీలు ఏరుకుంటూ, సెకండ్ హ్యాండ్ బార్జీ ఎంతుంటుందో కనుక్కోమన్నారు.